ఐదో మడత

మా ఉపాధ్యాయుల సమావేశాల్లో నన్ను పరిచయం చేసేటప్పుడు ఒక మాట తప్పకుండా చెబుతారు, పండుగలతో చిన్నపిల్లలకు భిన్నాలు నేర్పే పద్ధతి కనిపెట్టిన మాస్టారు వీరేనని. నేను చేతులు జోడించి కూర్చుంటాను. ఇరవై ఏళ్ళకు పైగా అలాగే కూర్చున్నాను. ఆ పద్ధతి నాది కాదు. దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉన్న ఒక కోయ గుంపులో, అంటే కోయవాళ్ళ చిన్న పల్లెలో, నాతోపాటు బడిలో పనిచేసిన జోగమ్మ అనే అమ్మాయిది. ఆమె ఆ పద్ధతి చూపించిన ఏడాదే ఆ బడిలో ఒక తప్పు జరిగింది. అది జోగమ్మ చేసిందని ఊరంతా నమ్మింది. చేసింది నేను. ఈ రెండు సంగతులూ చెప్పే అవకాశం నాకు రాకపోలేదు. వచ్చిన ప్రతిసారీ, నన్నెవరూ అడగలేదు కదా అనుకున్నాను. అడగనిది చెప్పకపోతే అబద్ధమెలా అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మొన్న ఎండలు ముదురుతుండగా భద్రాచలంలో కొత్త టీచర్లకు శిక్షణ జరిగింది. ఒక చిన్నమ్మాయి లేచి, దుకాణంలో కొన్న కాగితపు విస్తరి పట్టుకుని పాఠం చేసి చూపించింది. ఒక మడతకు సగం, రెండో మడతకు పావు, మూడో మడతకు అరపావు. పాఠం చివర నా వైపు తిరిగి, "ఇది సార్ దగ్గర నేర్చుకున్న పద్ధతే. అయితే ఐదో మడత రావట్లేదు సార్, మందమైపోతుంది. అందుకని నాలుగో మడత దగ్గర, పదహారుతో ఆపేస్తున్నా" అంది. ఐదో మడత దగ్గర ఏం చెప్పాలో నాకు తెలుసు. అది చెప్పిన గొంతు కూడా నా చెవుల్లో ఉంది. కానీ ఆ మాట చెబితే అది ఎవరిదో కూడా చెప్పాలి. "బాగుందమ్మా" అని ఊరుకున్నాను. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరో నా ముందు అడ్డాకు విస్తరి వేశారు. దానిలో అన్నం పెట్టించుకోలేక, కడుపు బాగా లేదని చెప్పి బయటికి వచ్చేశాను.

ఆ గుంపుకు వెళ్ళేనాటికి నాకు పాతికేళ్ళు దాటి ఎంతో కాలేదు. మాది ఎర్రుపాలెం వైపు. పొలం, గేదెలు, పెరట్లో మామిడి చెట్టు, పొద్దున లేచింది మొదలు ఇంటినిండా మనుషుల గొంతులు. అక్కడి నుంచి బస్సులు మారి దుమ్ముగూడెంలో దిగి, తెలిసినవాళ్ళింట్లో పెట్టిన సైకిలు తీసుకుని, రెండు వాగులు దాటితే బడి వచ్చేది. ఒక గది, ఒక వరండా, పక్కన బియ్యం బస్తాలు వేసే చిన్న కొట్టు. ఆ కొట్టే నా ఇల్లు. పదిహేను రోజులకోసారి అమ్మ దగ్గరికి వెళ్ళి, చొక్కాలు ఉతికించుకుని, పచ్చడి జాడీ నింపించుకుని వచ్చేవాణ్ణి. ఆ జాడీ మూత తీసినప్పుడు వచ్చే ఇంగువ వాసన తప్ప నాకు తెలిసినది ఆ కొట్టులో ఏదీ ఉండేది కాదు. మిగిలినవన్నీ అక్కడి వాసనలే. తడిసిన వెదురు, పొయ్యిల పొగ, ఎండాకాలం మొదలవుతుంటే ఇళ్ళ ముందు చాపల మీద ఆరబోసిన ఇప్పపువ్వు. ఆ పువ్వు వాసన మొదట్లో తియ్యగా ఉంటుంది. రోజంతా అదే పీలిస్తే తల బరువెక్కుతుంది. ఆ రోజుల్లో పిల్లలు తెల్లవారుజామునే తల్లులతో పువ్వు ఏరడానికి వెళ్ళి, అటునుంచి అటే బడికి వచ్చేవాళ్ళు. పలకల మీద కూడా ఇప్పపువ్వు వాసనే.

సాయంత్రం బడి వదిలాక నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. వాళ్ళు కోయలో మాట్లాడుకునేవారు, నాకు రాదు. ఎక్కడో నలుగురు నవ్వితే నా గురించేనేమో అనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే, నా గురించి నవ్వుకునేంత పని వాళ్ళకేముంది అనిపిస్తుంది. చిక్కుడుకాయ కొత్త నాడు, అంటే ఆ ఏటి చిక్కుడును దేవతకు పెట్టి అందరూ కలిసి మొదటిసారి తినే పండుగ నాడు, డోలు చప్పుడు వింటూ వరండాలో కూర్చుని పంతొమ్మిది మంది పిల్లల నోటు పుస్తకాలు దిద్దాను. రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. పిలిస్తే వెళ్దామని శుభ్రమైన చొక్కా వేసుకుని కూర్చున్న సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఒక్క పటేలు మాత్రం వచ్చేవాడు. గుంపుకు పెద్ద. మధ్యాహ్నం పూట బడి వరండా స్తంభానికి వీపు ఆనించి కూర్చుని, నడుముకున్న చిన్న కత్తితో వెదురు బద్దను సన్నగా చెక్కుతూ ఉండేవాడు. ఏ పనికి చెక్కేవాడో తెలియదు, ఆ బద్ద ఏనాడూ ఏదిగానూ తయారైనట్టు చూడలేదు. గంటసేపు పాఠాలు విని, "ఉంట సారూ" అని లేచి పోయేవాడు. తర్వాత ఆ వెదురు పొట్టును నేనే ఊడ్చేవాణ్ణి. ఆయన రాని రోజు ఊడవడానికి ఏమీ లేకపోతే ఏదో వెలితిగా ఉండేది.

జోగమ్మ విద్యా వాలంటీరు. ఆ గుంపులో ఇంటరు దాకా చదివిన మొదటి ఆడపిల్ల. భద్రాచలం హాస్టల్లో ఉండి చదివింది. టీచరు శిక్షణకు వెళ్ళి, తిరిగి ఇదే బడికి టీచరుగా రావాలని ఆమె కోరిక. గుంపుకూ అదే కోరిక. పటేలు స్వయంగా దుమ్ముగూడెం వెళ్ళి, మా పిల్లనే పెట్టండని అడిగి పెట్టించాడట. జోగమ్మకు తల్లిదండ్రులు లేరు, అవ్వ పెంచింది. ఆ అవ్వ ఎప్పుడు చూసినా గుమ్మంలో కూర్చుని అడ్డాకు విస్తళ్ళు కుడుతూ కనిపించేది. ఆకు మీద ఆకు పేర్చి, వెదురు పుల్లతో గుచ్చి, తుంచి, మళ్ళీ గుచ్చి. ఊళ్ళో వాళ్ళింటిని ఆకులవ్వ ఇల్లు అనేవాళ్ళు. నేను అటు వెళితే అవ్వ తలెత్తకుండానే జోగమ్మతో కోయలో ఏదో అనేది. ఒకసారి ఏమంటోందని అడిగాను. "పంతులు తింటున్నడా లేదా, గాలికి కొట్టుకపోయేటట్టున్నడు అంటంది సార్" అంది జోగమ్మ.

మూడో తరగతి, నాలుగో తరగతి కలిపి కూర్చోబెట్టి భిన్నాలు మొదలుపెట్టాను. పుస్తకంలో ఒక గుండ్రటి కేకు బొమ్మ ఉంది. పిల్లలెవరూ కేకు చూడలేదు. రొట్టె అని చెప్పాను, వాళ్ళు జావ తాగే పిల్లలు. బోర్డు మీద రెండింట ఒకటి, నాలుగింట ఒకటి రాసి ఏది పెద్దదని అడిగితే పంతొమ్మిది మందీ నాలుగే అన్నారు. నాలుగు పెద్దది కదా మరి. వారం రోజులు అరిచాను, గీతలు గీశాను, ఒకరిద్దరిని బెంచీ ఎక్కించాను. చివరికి ఒకరోజు గొంతు పోయి కూర్చుంటే జోగమ్మ, "ఒక్క దినం నేను చెప్పనా సార్?" అంది. చెప్పుకో అన్నాను. నాకు రానిది ఈమెకేం వస్తుందన్న ధీమా ఆ మాటలో ఉండే ఉంటుంది.

మర్నాడు ఆమె పచ్చి అడ్డాకులు కట్ట తెచ్చింది. అడ్డాకు చూసినవాళ్ళకు తెలుసు, నడి ఈనెకు అటొక రెక్క, ఇటొక రెక్కగా ఉంటుంది. "ఈ ఆకుల ఎన్ని ఆకులున్నయి?" అని అడిగింది. పిల్లలు నవ్వి, రెండని కొందరు, ఒకటని కొందరు అన్నారు. "ఒకటే. కానీ పుట్టంగనే సగం సగం పంచుకోని పుట్టింది" అని ఈనె మీద మడిచింది. తర్వాత పిల్లల్ని బయటికి తీసుకుపోయి పండుగ ఆట ఆడించింది. వాళ్ళ పండుగల్లో దేవతకు పెట్టినదాన్ని ఇంటికొక వాటాగా పంచే తీరు ఒకటుంది. పటేలు వరసగా ఆకులు పరిచి, సమానంగా పెట్టుకుంటూ పోతాడు. ఒక మనిషి వాటికి వీపు పెట్టి అడవి వైపు చూస్తూ కూర్చుంటాడు. పటేలు కర్రతో ఒక ఆకును తాకి "ఇది ఎవ్వరిది?" అంటాడు. వీపు తిప్పిన మనిషి ఏదో ఒక ఇంటిపేరు చెబుతాడు. ఏ ఆకు ఎవరికి పోతుందో పెట్టేవాడికీ తెలియదు, చెప్పేవాడికీ తెలియదు. అందుకని ఎక్కువ తక్కువలు పెట్టడానికి ఎవరికీ మనసు పోదు.

జోగమ్మ ఒక పిల్లను పటేలును చేసింది, ఇంకొక పిల్లవాణ్ణి వీపు తిప్పి కూర్చోబెట్టింది. చింతగింజల కుప్ప ఒకటి పోసి, మొదట రెండిళ్ళకు పంచమంది. తర్వాత నాలుగిళ్ళకు. తర్వాత ఎనిమిదిళ్ళకు. ప్రతిసారీ కుప్ప అదే, ఆకులే పెరుగుతున్నాయి. "ఎప్పుడు నీకు ఎక్కువొచ్చిందిరా?" అంది. "రెండిండ్లున్నప్పుడే జోగక్కా." "మరి పావు పెద్దదా, సగం పెద్దదా?" అంతే. వారం రోజుల నా అరుపులు ఆ ఒక్క ప్రశ్నకు కొట్టుకుపోయాయి. ఇండ్లెక్కువైతే వాటా చిన్నది. భిన్నంలో కింద రాసే అంకె ఇండ్ల లెక్క అని వాళ్ళకు అర్థమైపోయింది.

ఆఖరున విస్తరి ఒకటి తీసి మడవడం మొదలుపెట్టింది. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. ఐదోసారి మడవబోతే ఆకు మందమై ఎదురు తిరిగింది. పిల్లలు పకపకా నవ్వారు. జోగమ్మ కూడా నవ్వి, "ఐదో మడత ఆకుతోని కాదు, మనసుల మడవాలె. పదారు మళ్ళ పదారు. ఎంత?" అంది. "ముప్పైరెండు." "మన ఊర్ల ఇండ్లెన్ని?" పిల్లలు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. తర్వాత అందరూ ఒకేసారి అరిచారు. వాళ్ళ గుంపులో ముప్పైరెండిళ్ళు. ఐదు మడతలకు వాళ్ళ ఊరు. వరండాలో పటేలు వెదురు చెక్కడం ఆపి చూస్తూ ఉండిపోయాడు. ఆయన కత్తి ఆగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఈ సంగతి నేను మండల కేంద్రంలో మీటింగులో చెప్పాను. మా బడిలో పండుగలతో భిన్నాలు చెబుతున్నామన్నాను. "మా బడి" అన్నాను కానీ జోగమ్మ పేరు చెప్పలేదు. చెప్పకూడదని అనుకోలేదు, చెప్పాలనీ అనుకోలేదు. మండల విద్యాధికారికి నచ్చి, ఉగాది ముందు వచ్చి చూస్తానన్నాడు. నన్ను పేరుపెట్టి పిలిచిన మొదటి అధికారి ఆయన. ఆ ఆదివారం ఇంటికి వెళితే అమ్మ పండుగ పచ్చడికి పనికొస్తాయని పెరటి చెట్టు కాయలు ఐదు సంచిలో వేసి ఇచ్చింది. బస్సులో వస్తుంటే ఆలోచన వచ్చింది. ఐదు కాయలు, ఒక్కొక్కటి నాలుగు ముక్కలు, ఇరవై పావులు. పంతొమ్మిది మంది పిల్లలు, ఒక అధికారి. దారిపొడుగునా ఆ లెక్కే వేసుకుంటూ మురిసిపోయాను.

జోగమ్మ సంచి చూసింది. మొహం మారిపోయింది. "ఇవి ఎందుకు సార్?"

"పాఠానికి. అధికారి వస్తున్నారు కదా. ఉగాది కదా, మామిడికాయతో భిన్నాలు."

"మాకు ఇంకా మామిడి కొత్త కాలే సార్. కొత్త కాకముందు మా పిల్లలు కాయ కోయరు, ముట్టరు, తినరు. చింతగింజలతోని చేద్దాం. మన్ను ముద్దలతోని చేద్దాం."

"ఇవి మీ అడవివి కావు జోగమ్మా. మా ఇంటి చెట్టువి. ఎర్రుపాలెం కాయలు."

"కాయ ఎక్కడిదైతే ఏంది సార్? తినే నోరు ఈడిది గద."

ఎదుటివాళ్ళ మాట నిజమైనప్పుడు ఆ వయసులో కోపం వచ్చేది. సరేలే చూద్దాం అన్నాను. అధికారి వచ్చే రోజు పొద్దున్నే, రంగు కాగితాలు తక్కువయ్యాయని చెప్పి ఆమెను దుమ్ముగూడెం పంపించాను. కాగితాలు తక్కువ కాలేదు. పెట్టెలో మూడు చుట్టలున్నాయి. ఇది కూడా ఈ రోజే మొదటిసారి రాస్తున్నాను.

పాఠం బ్రహ్మాండంగా సాగింది. కాయను సగం కోశాను, పావు కోశాను. పిల్లలు గలగలా జవాబులు చెప్పారు, జోగమ్మ నేర్పినవి. ముక్కలు చేతుల్లో పెట్టాక ఎవరూ తినలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అధికారి తన ముక్కకు ఉప్పూకారం అద్దుకుని కొరికి, "తినండిరా, సార్ ఇచ్చారుగా" అన్నాడు. వాళ్ళు నా వైపు చూశారు. తినండి అని తలూపాను. ముందు ఒక పిల్ల కొరికింది, తర్వాత అందరూ. ఆ రోజు పటేలు రాలేదు. ఊరంతా పువ్వు ఏరడానికి అడవిలో ఉంది. కాగితాల చుట్ట పట్టుకుని చెమటలు కక్కుతూ జోగమ్మ వచ్చేసరికి మామిడి టెంకలు వరండా కింద పడి ఉన్నాయి. వాటిని చూసింది, నన్ను చూసింది. టెంకలు ఏరి కొంగులో వేసుకుని వెళ్ళి ఎక్కడో పూడ్చి వచ్చింది.

నాలుగో రోజున గాలివాన వచ్చింది. చాపల మీద ఆరబోసిన పువ్వంతా తడిసి నల్లబడింది, చెట్ల మీదిది రాలి మట్టిలో కలిసింది. ఆ ఏడాదికి ఇంటింటి ఆధారం అదే. ఆ పుల్లటి కాయలకో దేనికో ఇద్దరు ముగ్గురు పిల్లలు కడుపునొప్పితో పడుకున్నారు కూడా. పిల్లల నోటి నుంచి బడిలో మామిడికాయ తిన్న మాట బయటపడింది, ఎవరు పెట్టారో మాత్రం నాకు భయపడి చెప్పలేదు. పెద్దలు బడి ముందు కూర్చున్నారు. గాలివానకూ మామిడికాయకూ సంబంధమేమిటని నాలో నేను నవ్వుకోబోయాను. ఈ వయసులో వేరేగా తోస్తుంది. అందరూ కలిసి తినేదాకా ఎవరూ ముందు తినకూడదన్న నియమం అది. నోరూరినా ఆగడం పిల్లలకు నేర్పే పాఠం. దాన్ని నేను పాఠం పేరుతోనే చెడగొట్టాను.

పటేలు నన్నడగలేదు. సర్కారు మనిషిని, బయటివాణ్ణి, అడగడం మర్యాద కాదనుకున్నాడు. జోగమ్మనే అడిగాడు, నాకూ తెలియాలని తెలుగులో. "కొత్త గాకముందు పిల్లలకు కాయ పెట్టిన్రంట. నీకెరికేనా?"

జోగమ్మ నా వైపు చూసింది. వేలెత్తి చూపలేదు, చూసిందంతే. నేను చెప్పడానికి చోటిచ్చింది. నేను నా చెప్పుల వైపు చూశాను. ఆ ముందు రోజే అధికారి నుంచి కాగితం వచ్చింది, నా పద్ధతిని మండలమంతటికీ చూపించాలని. ఊరు నన్ను పొమ్మంటే అదంతా పోతుంది. పైగా ఇంకొక భయం, చెప్పుకోవడానికి సిగ్గయ్యే భయం. మధ్యాహ్నం పూట ఆ ఒక్క మనిషి వచ్చి కూర్చోవడం మానేస్తాడేమోనని.

"బడిల జరిగింది పెద్దయ్యా," అంది జోగమ్మ. "బడి నాది గూడ."

"అయ్యవారికైతే మన కట్టు తెల్వదు. నీకేమాయె బిడ్డా? కొత్త విలువ తెల్వనోళ్ళు పిల్లలకేం చెప్తరు?" అన్నాడు పటేలు. గట్టిగా అనలేదు. బాధగా అన్నాడు. మళ్ళీ కొత్త వచ్చేదాకా, అంటే ఏడాది పాటు ఆమె బడి మెట్లెక్కకూడదన్నారు. ఈసారి మామిడి కొత్తలో ఆకులవ్వ ఇంటికి వాటా లేదన్నారు. ఆకులవ్వ గుమ్మంలోంచి లేచి లోపలికి పోవడం కనిపించింది. జోగమ్మ సరే అన్నట్టు తలూపి, తన దగ్గరున్న బడి తాళంచెవి నా చేతికిచ్చి వెళ్ళింది.

మూడు వారాల తర్వాత మామిడి కొత్త. ఆ రోజు కొట్టు తలుపు ఎవరో తట్టారు. పటేలు కొడుకు. "అయ్య రమ్మంటుండు సార్. పువ్వు పోయిన బాధల ఎవ్వరం నిన్ను పట్టించుకోలే, ఏమనుకోకు" అన్నాడు. ఏడాదిన్నరగా నేను ఎదురుచూసిన పిలుపు. వెళ్ళాను. దేవత ముందు వరసగా పరిచిన ఆకులు లెక్కపెట్టాను, అలవాటు కొద్దీ. ఒకటి తగ్గి ముప్పైఒకటి ఉండాలి. ముప్పైరెండున్నాయి. వీపు తిప్పి కూర్చున్న ముసలాయన ఒక్కో ఇంటిపేరు చెబుతూ పోయాడు. నడుమ ఎక్కడో పటేలు ఒక ఆకును తాకి "ఇది ఎవ్వరిది?" అంటే, "బడి సారుది" అన్నాడు. అందరూ నా వైపు చూసి నవ్వారు. మంచి నవ్వు. ఆకులో మామిడి ముక్కలు, బెల్లం, కాస్త కోడికూర. అవన్నీ ఆకులవ్వ కుట్టిన విస్తళ్ళే, ఆమె పుల్ల గుచ్చే తీరు నాకు తెలుసు. ఆ రోజు అవ్వ ఇంటి ముందు పొయ్యి పొగ లేదు. నేను నా ఆకులోది అంతా తిన్నాను. వదిలేస్తే ఎవరైనా ఏమైనా అనుకుంటారని ముక్క మిగల్చకుండా తిన్నాను.

జోగమ్మ ఆ వేసవిలోనే సత్తుపల్లి వైపు పామాయిల్ తోటల్లో కూలికి వెళ్ళిందన్నారు. ఏడాది గడిచాక కూడా రాలేదు. నాకు ఇంకో ఏడాదికి బదిలీ అయింది. పద్ధతి మాత్రం నాతో వచ్చింది. శిక్షణ పుస్తకంలో నా పేరుతో ఎక్కింది, శాలువాలు కప్పించింది. ఈ మధ్యలో పెళ్ళి, ఖమ్మంలో ఇల్లు, పిల్లల చదువులు, అన్నీ జరిగాయి. ఇంటినిండా మనుషులున్నారు, ఫోను నిండా పేర్లున్నాయి. అయినా మధ్యాహ్నం రెండు గంటలవుతుంటే ఎవరో వచ్చి పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా వెదురు చెక్కాలనిపిస్తుంది. అప్పటి ఒంటరితనానికి అడవి, వాగులు, రాని భాష కారణాలుగా ఉండేవి. ఇప్పటిదానికి నేనే కారణం. నన్ను మెచ్చుకునే వాళ్ళందరూ నేను కాని మనిషిని మెచ్చుకుంటుంటే, ఆ గదిలో నాకు తోడెవరుంటారు?

శిక్షణ ముగిసిన మర్నాడు దుమ్ముగూడెం బస్సెక్కాను. రెండు వాగుల మీదా వంతెనలు పడ్డాయి. ఆటో బడి దాకా వెళ్ళింది. బడికి రెండు గదులు కలిశాయి, నా కొట్టు ఇప్పుడు వంటగది. లోపల ఒకామె మధ్యాహ్న భోజనం వండుతోంది. గరిటె పట్టుకున్న చేయి చూసి గుర్తుపట్టాను. ఆమె అంతకు ముందే నన్ను గుర్తుపట్టింది.

"రా సార్. గాలికి కొట్టుకపోతవనేది మా అవ్వ. ఇప్పుడైతే గాలివానొచ్చినా కదలవు" అని నా పొట్ట వైపు చూసి నవ్వింది జోగమ్మ. జుట్టు సగం నెరిసింది. పీట వేసింది. కొన్నేళ్ళకు కూలి మాని వచ్చి ఇక్కడే ఉండిపోయిందట. అవ్వ పోయి చాలా ఏళ్ళయిందట. పటేలు కూడా పోయాడు, ఇప్పుడు కొడుకు పెద్ద. టీచరు శిక్షణకు ఎందుకు వెళ్ళలేదని అడగబోయి ఆగాను. ఆ ప్రశ్న అడిగే హక్కు నాకు లేదు. ఆమె పిల్లలకు గుడ్లు పంచుతూ, "ముప్పై మంది, పదిహేను గుడ్లు. ఒక్కొక్కరికి ఎంతరా?" అంటోంది. "సగం జోగమ్మా" అని పిల్లలు అరుస్తున్నారు. వాళ్ళ టీచరు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు.

పిల్లలు తిని వెళ్ళాక చెప్పాను. కాగితాలు తక్కువ కాలేదని చెప్పాను. పద్ధతి నా పేరు మీద తిరుగుతోందని చెప్పాను. పెద్దలు కూర్చున్న రోజు నేను చెప్పులు చూసుకున్న సంగతి చెప్పాను. ఆమె గిన్నెలు తోముతూ వింది.

"కాగితాలు ఉన్నయని నాకెరికే సార్. పెట్టెల నేనే పెట్టిన గద" అంది చివరికి. "ఇవన్నీ నాకెందుకు చెప్తున్నవ్? నాకెరికున్నదే చెప్తున్నవ్. ఎరిక లేనోళ్ళకు చెప్పాలె." గిన్నె బోర్లించింది. "మా అవ్వ పోయేదాక అడిగింది, నువ్వెందుకు పెట్టినవే కాయ అని. నేను పెట్టలే అవ్వా అంటే, మరి ఆనాడు ఎందుకు చెప్పలే అన్నది. నమ్మలే. అదొక్కటే బాధ నాకు."

ఆమె చేతులు తుడుచుకుని లేచింది. "ఎల్లుండి మామిడి కొత్త. వస్తే రా. రాకున్నా నేనేం అనుకోను."

వెళ్ళాను. ఇప్పుడు ఇళ్ళు ఎక్కువయ్యాయి, ఆకులు రెండు వరసలు వేశారు. అడ్డాకు విస్తళ్ళే, కుట్టింది జోగమ్మ. కొత్త పటేలు నన్ను ఆనాడు పిలవడానికి వచ్చినవాడే. పాత సారు వచ్చాడని సంబరపడి, "ఈసారి వీపు తిప్పి నువ్వే కూసో సార్. పేర్లు నువ్వే చెప్పు, ఎవరన్న అందిస్తరు" అన్నాడు. పెద్ద గౌరవం అది. అడవి వైపు మొహం పెట్టి చాప వేశారు. నేను కూర్చోలేదు.

"వీపు తిప్పే ముందు మీ మొహాలు చూసి ఒక మాట చెప్పాలి పటేలా," అన్నాను. డోలు వాయించేవాళ్ళు ఆగారు. కుర్రవాళ్ళకు నేనెవరో తెలియదు, ముసలివాళ్ళు కళ్ళు చికిలించి చూశారు. జోగమ్మ వెనక వరసలో, ఆడవాళ్ళ మధ్య నిలబడి ఉంది.

"చాలా ఏళ్ళ కింద, కొత్త కాకముందు మీ పిల్లలకు మామిడికాయ పెట్టింది నేను. జోగమ్మ వద్దని చెప్పింది. ఆమె అడ్డం వస్తుందని అబద్ధం చెప్పి దుమ్ముగూడెం పంపి మరీ పెట్టాను. మీరడిగిన రోజు అక్కడే ఉండి నోరు తెరవలేదు. ఆకుతో భిన్నాలు చెప్పే పాఠం కూడా ఆమెదే, నా పేరు పెట్టుకున్నాను. ఆ ఏడాది మీరు ఆకులవ్వ ఇంటి వాటా ఆపి, ముప్పైరెండో ఆకు నాకు వేశారు. తెలిసి తిన్నాను. అవ్వా, నీ మనవరాలు ఆ కాయ పెట్టలేదు. జోగమ్మా, తప్పు నాది. నన్ను క్షమించు."